అటక మీది డబుల్ షాక్ సైకిల్‌ను మళ్లీ తొక్కాలంటే: రంగుకు ముందు కిరోసిన్, సుద్దపొడి

మహబూబ్‌నగర్‌లో మా అమ్మీ వాళ్ల ఇంట్లో వెనక వరండా దూలానికి ఒక సైకిల్ ఇరవై ఏళ్లుగా వేలాడుతోంది. 2003లో మా మామూ దమ్మామ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు కార్గోలో వేయించి తెచ్చాడు. ఆయన పనిచేసే కాంపౌండ్‌లో ఓ అమెరికన్ ఇంజనీరు దేశం వెళ్లిపోతూ సామాను అమ్మేస్తే తీసుకున్నాడట. 1990ల చివరి నాటి మౌంటెన్ బైక్. ముందు ఫోర్కులో ఒక షాక్, సీటు కింద ఇంకొక షాక్. అప్పట్లో గల్లీలో పిల్లలంతా దాని చుట్టూ మూగేవాళ్లు. "ఇది సైకిలా, హోండానా?" అని అడిగిన పెద్దాయన ఒకరు నాకు ఇంకా గుర్తు.

మామూ ఇప్పటికీ దమ్మామ్‌లోనే. ఆయన కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. "ఈసారి ఆ సైకిల్ బాగు చేయించి వాడికి ఇయ్యి, ఖర్చు నేను పంపిస్తా" అని ఫోన్‌లో నాకు పని అప్పజెప్పాడు. నాకు తెలిసింది బీకామ్ లెక్కలు. సైకిల్ గురించి తెలిసింది పంక్చర్ వరకే. ఆ తర్వాత నాలుగు నెలల్లో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. ఎందుకంటే గల్ఫ్ నుంచి వచ్చినవి, ఇక్కడే కొన్నవి, ఇలాంటి డబుల్ షాక్ సైకిళ్లు మన ఇళ్లల్లో అటకల మీద, మేడమెట్ల కింద చాలానే ఉన్నాయి. నేను పనంతా తలకిందులుగా చేశాను. మీరు అలా చేయొద్దు.

మొదట నేను చేసిన తప్పు

సైకిల్ దించగానే దానికున్న జంగు, వెలిసిన రంగు చూసి బాధేసింది. తీసుకుపోయి ఫ్రేమ్‌కు పౌడర్ కోటింగ్ వేయించా. ముదురు నీలం. 1,800 రూపాయలు. కొత్త టైర్లు, ట్యూబులు, కేబుళ్లు, చైను వేయించా. పిల్లగాడు రెండు వారాలు గడియారం చౌరస్తా నుంచి పిల్లలమర్రి దాకా తిరిగాడు. మూడో వారం తుడుస్తూ "భాయ్, ఇక్కడ వెంట్రుక అంటుకుంది, పోతలేదు" అన్నాడు. హ్యాండిల్ కింద, పొడవాటి కిందిగొట్టం తలగొట్టాన్ని కలిసే చోట, వెల్డింగ్ పక్కనే సన్నటి గీత. వెంట్రుక కాదు అది.

అసలు ఆ పరీక్ష మొదటి రోజే చేయాల్సింది. దానికి పైసా ఖర్చు లేదు. అల్యూమినియం ఫ్రేమ్ అయితే మరీ ముఖ్యం. ఇనుము (స్టీలు) ఒక హద్దు లోపల ఎన్నిసార్లు వంచినా అలసిపోదు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు. ప్రతి కుదుపూ దాని ఖాతాలో ఎక్కుతూనే ఉంటుంది, చిన్నదైనా సరే. మా కామర్స్ భాషలో చెప్పాలంటే ప్రతి సంవత్సరం తరుగుదల రాసుకుంటూ పోవడమే, ఒకరోజు పుస్తక విలువ సున్నా. తేడా ఏమిటంటే ఆ రోజు ఏదో ఈ పుస్తకం మనకు ముందు చూపించదు.

పరీక్ష ఇలా. ఫ్రేమ్‌ను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. స్టిక్కర్లు తీసేయండి, పగుళ్లు వాటి కింద దాక్కుంటాయి. తలగొట్టం దగ్గరి అతుకులు, పెడళ్ల ఇరుసు చుట్టూ, సీటు గొట్టం పైభాగం, వెనక చక్రాన్ని పట్టుకునే కదిలే చేయి, షాక్ బోల్టులు పట్టే చెవులు, ఈ చోట్లలో అనుమానం వచ్చిన దగ్గర కిరోసిన్ రాయండి. దొరక్కపోతే డీజిల్. పది పదిహేను నిమిషాలు ఆగి గుడ్డతో పూర్తిగా తుడిచి, పైన సుద్దపొడి సన్నగా చల్లండి. బడిలో వాడే చాక్‌పీస్ నలిపినా చాలు. పగులు ఉంటే లోపలికి దిగిన నూనె మెల్లగా పైకి ఊరి సుద్ద మీద తడిగీత గీస్తుంది. గీతలేదు, ఒట్టి రంగు పెచ్చు అయితే సుద్ద పొడిగానే ఉంటుంది. రైలు విడిభాగాలను పూర్వం వర్క్‌షాపుల్లో ఇలాగే పరీక్షించేవారు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో ఎర్ర ద్రవం పూసి చేసే పరీక్షకు ఇదే అమ్మమ్మ లాంటిది.

మా సైకిల్ మీద రంగు గీకి, నేనూ మా తమ్ముడూ ఈ పని చేశాం. రెండు అంగుళాల దాకా తడిగీత వచ్చింది. ఆ రాత్రి ఎవ్వరం మామూకు ఫోన్ చేయలేదు.

వెల్డింగ్ చేయిస్తే పోదా?

అందరూ అడిగేది ఇదే. నేనూ అడిగాను. మా పేటలో ఒకాయన "ఆర్గాన్ వెల్డింగ్ కొడతా, పది నిమిషాలు" అన్నాడు. ఇంకో దుకాణంలో ముసలి ఉస్తాద్ ఫ్రేమ్‌ను తిప్పి తిప్పి చూసి, "గిన్నె అయితే అతికిస్తా బిడ్డా. పిల్లగాడు ఎక్కేదానికి అతికియ్య" అన్నాడు. ఆయన కారణం చెప్పలేదు. కారణం నేను తర్వాత చదివి తెలుసుకున్నా.

సైకిల్ ఫ్రేములకు ఎక్కువగా వాడేది 6061 అనే అల్యూమినియం మిశ్రమం. దాని బలం ఒట్టి లోహంలోంచి రాదు, దాన్ని కాల్చి చల్లార్చిన తీరులోంచి వస్తుంది. వెల్డింగ్ వేడి తగిలితే అతుకు పక్కన ఆ బలం చాలావరకు పోతుంది. అందుకే కంపెనీలో వెల్డింగ్ అయ్యాక ఫ్రేమ్ మొత్తాన్ని 500 డిగ్రీలు దాటిన కొలిమిలో పెట్టి, గబుక్కున చల్లార్చి, మళ్లీ తక్కువ వేడి మీద గంటల తరబడి ఉంచుతారు. మన వెల్డింగ్ దుకాణంలో మొదటి పని జరుగుతుంది, మిగతా రెండూ జరగవు. పైకి అతుకు మెరుస్తూ ఉంటుంది. విరిగేది దాని పక్కన. అదీ తలగొట్టం దగ్గర విరిగితే చక్రం, హ్యాండిల్ ఒకవైపు, మనిషి ఒకవైపు.

స్టీలు ఫ్రేమ్ అయితే కథ వేరు. దాన్ని మంచి చేయి ఉన్న వెల్డర్ బాగు చేయగలడు. మీ ఫ్రేమ్ ఏదో తెలియాలంటే అయస్కాంతం పెట్టి చూడండి. ఫ్రిజ్ మీది బొమ్మ అయినా చాలు. అంటుకుంటే స్టీలు.

ఈ రెండు షాకులు ఎక్కడ నుంచి వచ్చాయి

మౌంటెన్ బైక్ పుట్టింది అమెరికాలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో. 1970లలో అక్కడి కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్ల మీద కొండ దిగుతూ పందేలు వేసుకునేవారు. 1976లో మొదలైన ఆ పందెం పేరు రీప్యాక్. వెనక్కి పెడల్ తొక్కితే పడే పాతకాలం బ్రేకు ఆ దిగుడులో ఎంత వేడెక్కేదంటే, హబ్‌లోని గ్రీజంతా పొగై పోయేది. కిందికి రాగానే మళ్లీ గ్రీజు నింపుకోవాలి. అదే ఆ పేరు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌తో ఇలాంటి సైకిల్ పెద్దఎత్తున తయారై షాపులకు చేరింది.

ముందు షాక్ 1989 ప్రాంతంలో వచ్చింది. పాల్ టర్నర్ అనే ఆయన మొదలుపెట్టిన రాక్‌షాక్స్ కంపెనీ ఆర్‌ఎస్-1 ఫోర్క్ చేసింది. 1990లో డురాంగోలో జరిగిన మొదటి ప్రపంచ పోటీల్లో కొండ దిగే విభాగం గెలిచిన గ్రెగ్ హెర్బోల్డ్ సైకిల్‌కు అదే ఉంది. ఆ తర్వాత వెనక షాక్ కోసం కంపెనీలు పోటీపడ్డాయి. ఆస్ట్రియా నుంచి వచ్చిన మోటోక్రాస్ రైడర్ హార్స్ట్ లైట్నర్ వెనక చక్రం దగ్గర పెట్టిన ఒక కీలు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకింగ్ చేరింది.

మన దగ్గర ఆ కాలంలో సైకిల్ అంటే నల్ల సైకిలే. సోనీపత్ అట్లాస్ 1951లో, లూధియానా హీరో 1956లో మొదలయ్యాయి. 1986లో ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ సైకిళ్లు చేసే కంపెనీగా హీరో గిన్నిస్ బుక్ ఎక్కింది. మద్రాసు టీఐ సైకిల్స్ 1949 నాటిది, హెర్క్యులిస్, బీఎస్‌ఏ వాళ్లవే. 2005లో ఫైర్‌ఫాక్స్ వచ్చాకే గేర్ల విదేశీ సైకిల్ మామూలు షాపులో కనిపించింది. అందుకే మన జిల్లాల ఉస్తాద్‌లకు 1990ల విదేశీ సైకిల్ విప్పే పనిముట్లు లేవు. తెలివి లేక కాదు. అన్నట్టు, అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడింది 2020 జూన్ 3న. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం.

నల్గొండలో రెండో సైకిల్

మా ఫ్రేమ్ సంగతి తేలాక నేను నల్గొండలో నాతో డిగ్రీ చదివిన ఓ మిత్రుడికి చెప్పుకుని ఏడ్చాను. వాళ్ల తమ్ముడిది ఇండియాలో చేసిన డబుల్ షాక్ సైకిల్ ఒకటి మేడమెట్ల కింద ఉంది. స్టీలు ఫ్రేమ్, బరువు మోయలేనంత. "నీ సామాను దీనికి వెయ్యి" అన్నాడు. రెండు జిల్లాల మధ్య బస్సు డిక్కీలో చక్రాలు మోసుకుపోయిన మనిషిని నేనే అయి ఉంటాను.

ఇక్కడి నుంచి పని సరైన వరుసలో జరిగింది. ముందు కిరోసిన్, సుద్ద. గీత రాలేదు.

రెండోది కీళ్లు. వెనక చేయి ఫ్రేమ్‌కు కలిసే చోట లోపల బుష్‌లు ఉంటాయి, ప్లాస్టిక్‌వో ఇత్తడివో. అవి అరిగితే వెనక చక్రం పక్కకు ఊగుతుంది. సీటు ఒక చేత్తో, వెనక చక్రం ఒక చేత్తో పట్టుకుని పక్కలకు ఆడించి చూస్తే టకటకమని తెలుస్తుంది. ఈ సైకిల్ ప్లాస్టిక్ బుష్‌లు పొడి అయిపోయాయి. కంపెనీ బుష్ దొరకదు, దొరకాల్సిన పనీ లేదు. ఖరాదు దుకాణానికి పోయి, బోల్టు మందం, గొట్టం లోపలి కొలత వెర్నియర్‌తో తీయించి నైలాన్ రాడ్‌లోంచి కొత్తవి తిప్పించాం. ఒక్క జాగ్రత్త: బుష్ వెడల్పు గొట్టం కన్నా వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి. లేకపోతే బోల్టు బిగించగానే కీలే బిగుసుకుపోతుంది. మొదటి జత మేం అలాగే పాడుచేశాం. ఖరాదు ఆయన రెండో జతకు డబ్బు తీసుకోలేదు, నవ్వాడు అంతే.

మూడోది అసలు షాక్. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలామంది స్ప్రింగునే షాక్ అనుకుంటారు. షాక్‌కు రెండు పనులు. గుంత తగిలినప్పుడు నొక్కుకుపోవడం స్ప్రింగు పని. నొక్కుకున్నది ఎగిరెగిరి పడకుండా నిదానంగా వెనక్కి రావడం లోపలి నూనె పని. నూనె చిన్న రంధ్రాల్లోంచి దూరాలి కాబట్టి వేగం తగ్గుతుంది. చౌక సైకిళ్లలో చాలావాటికి రెండో భాగం ఉండదు, ఉత్త స్ప్రింగే. అందుకే వాటిని తొక్కుతుంటే మంచం మీద ఎగిరినట్టు ఉంటుంది, మన కాలి బలంలో కొంత ఆ ఊగుడికే పోతుంది. పరీక్ష సులువు: సీటు మీద బలంగా నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగిపోతే నూనె పనిచేస్తోంది. రెండు మూడుసార్లు ఊగితే నూనె లేదు, లేదా కారిపోయింది.

మామూ సైకిల్ షాక్ ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక్కసారి లేచి ఆగేది. చుట్టూ చెమ్మ లేదు. రెండు షాకులూ పక్కపక్కన పెట్టి టేపుతో కొలిచాం. ఒక బోల్టు రంధ్రం మధ్య నుంచి ఇంకో రంధ్రం మధ్య వరకు, రెండూ 165 మిల్లీమీటర్లే. ఆ క్షణం మా ఇద్దరి మొహాలు చూడాల్సింది. రంధ్రాల వెడల్పు తేడా ఉంటే మళ్లీ ఖరాదు దుకాణమే, ఇత్తడి వాషర్లు తిప్పి ఇచ్చాడు. షాక్ మార్చేటప్పుడు పొడవు మాత్రం మారకూడదు. పొడవైనది వేస్తే సైకిల్ ముందుకు వంగుతుంది, పొట్టిది వేస్తే పెడళ్లు నేలకు తగులుతాయి.

స్ప్రింగు మీద 550, 650 అని అంకె ఉంటుంది. ఒక అంగుళం నొక్కడానికి అన్ని పౌండ్ల బరువు కావాలని అర్థం. మీ బరువుకు అది సరిపోతుందో లేదో ఇలా చూడండి: ఎవరూ ఎక్కకుండా ఆ రంధ్రాల దూరం కొలవండి, తర్వాత మనిషి ఎక్కి కూర్చున్నాక ఇంకొకరు కొలవాలి. మా షాక్ మొత్తం 38 మిల్లీమీటర్లు కుదించుకుంటుంది. పిల్లగాడు కూర్చుంటే 165 కాస్తా 155 అయింది. 38లో 10, అంటే పావు వంతు పైన. పావు వంతు నుంచి 30 శాతం దాకా మంచిది. దానికన్నా ఎక్కువ దిగితే స్ప్రింగు పైన ఉన్న రింగును ఒకటి రెండు చుట్లు బిగించండి. అంతకు మించి బిగించాల్సి వస్తోందంటే ఆ స్ప్రింగు మీ బరువుకు చాలదని అర్థం, బిగించి లాభం లేదు. ఇంకో మాట: గాలితో పనిచేసే షాక్ అయితే గాలి పూర్తిగా తీయకుండా ఎవరినీ విప్పనివ్వకండి. లోపలి ఒత్తిడి లారీ టైరును మించి ఉంటుంది.

ముందు ఫోర్కు గురించి ఒక్క ముక్క. ఆ కాలం ఫోర్కుల్లో చాలావాటిలో స్ప్రింగు బదులు రబ్బరు లాంటి ముక్కలు పేర్చేవారు. పాతికేళ్లకు అవి బెల్లం పాకంలా కరిగి ఉంటాయి. విప్పితే చేతులు పాడవుతాయి, బట్టలు కూడా. మా దాంట్లోనూ అదే. దాన్ని వదిలేసి నల్గొండ సైకిల్ ఫోర్కుతోనే సరిపెట్టుకున్నాం.

26 అంటే 26 కాదు

టైర్ల దగ్గర నేను 900 రూపాయలు నష్టపోబోయి తప్పించుకున్నా. పాత సైకిల్ మీద 26 అని ఉంది. దుకాణంలో 26 అడిగితే 26 × 1 3/8 ఇచ్చారు. అది లేడీస్ సైకిళ్లకు, సన్న టైర్ల సైకిళ్లకు వచ్చేది, రిమ్ మీద కూర్చునే కొలత 590 మిల్లీమీటర్లు. మౌంటెన్ బైక్ 26 అంటే 559 మిల్లీమీటర్లు, దాని మీద 26 × 1.95 అనో 2.125 అనో చుక్క పెట్టి రాసి ఉంటుంది. భిన్నంలో రాస్తే ఒకటి, దశాంశంలో రాస్తే ఇంకొకటి. ఇంత తికమక ఎవరు పెట్టారో కానీ, టైరు పక్కన సన్న అక్షరాల్లో 559 ఉందో లేదో చూసి తీసుకోండి, వివాదం ఉండదు. ఈ టైర్లకు వాల్వు మోటార్‌సైకిల్ వాల్వు లాంటిదే. పెట్రోల్ బంకులో గాలి పట్టించుకోవచ్చు, కానీ అక్కడి కుర్రాడికి ముందే చెప్పండి, లేకపోతే ట్యూబు పేలుతుంది.

చైను అరిగిందో లేదో చెప్పడానికి బడి స్కేలు చాలు. ఒక పిన్ను మీద సున్నా పెడితే 12 అంగుళాల గీత మీద సరిగ్గా ఇంకో పిన్ను ఉండాలి. అంగుళంలో పదహారో వంతు జరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు జరిగితే వెనక పళ్లచక్రాలు కూడా అరిగిపోయాయని లెక్క. పాత చక్రాల మీద కొత్త చైను వేస్తే జారుతూ ఉంటుంది, ఖర్చు రెండుసార్లు అవుతుంది.

హబ్‌లు విప్పి ఛర్రాలు తీసి కిరోసిన్‌లో కడగండి. మా చక్రాల్లో వెనక ఒక్కో వైపు పావు అంగుళంవి 9, ముందు 3/16 అంగుళంవి 10. మచ్చపడ్డ ఛర్రా ఒక్కటి కనిపించినా మొత్తం జత మార్చేయాలి, అవి చాలా చౌక. కొత్త గ్రీజు పెట్టి బిగించేటప్పుడు చక్రం తిరగాలి, ఊగకూడదు. ఈ పని మాత్రం మన పంక్చర్ దుకాణం ఉస్తాద్‌లను మించిన వాళ్లు లేరు. ఎడమ పెడల్ మర ఉల్టా తిరుగుతుందని కూడా వాళ్లకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది మీ ఇంట్లో పానా పట్టుకుని మీద పడే బావమరుదులకు.

గేరు మీటలు బిగుసుకుపోతే పాడయ్యాయని పారేయకండి. లోపలి పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. డబ్ల్యూడీ-40 లాంటిది కొట్టి, పది ఇరవై సార్లు మీట నొక్కుతూ ఉంటే కరుగుతుంది. ఆ తర్వాత పల్చటి మెషిన్ ఆయిల్ రెండు చుక్కలు. చైనుకు మాత్రం ఆ స్ప్రేతో సరిపెట్టకండి, అది జిడ్డు కడగడానికే తప్ప ఎక్కువ రోజులు నిలిచే నూనె కాదు.

లెక్క

నల్గొండ మిత్రుడు సైకిల్‌కు డబ్బు వద్దన్నాడు. బలవంతంగా 1,200 చేతిలో పెట్టాను. ఖరాదు పనికి 450. టైర్లు, ట్యూబులు, చైను, కేబుళ్లు మామూ సైకిల్‌కు కొన్నవే దీనికి సరిపోయాయి, కాబట్టి ఆ 3,100 వృథా కాలేదు. పూర్తిగా మునిగింది పౌడర్ కోటింగ్ 1,800. వరుస తప్పినందుకు నేను కట్టిన ఫీజు అది. మామూకు పంపిన లెక్కలో ఆ పద్దు నా పేరు మీదే రాసుకున్నా.

మామూకు చివరికి వీడియో కాల్‌లో చెప్పాం. పగులు దగ్గరగా చూపించమన్నాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అతికియ్యొద్దు. గోడకు పెట్టు. పిల్లగాడిని ఎక్కనియ్యకు" అన్నాడు. కాసేపాగి, "నీలం రంగు బాగుంది" అన్నాడు.

మొదటిసారి దూరం తొక్కింది నల్గొండలోనే. ఫజర్ తర్వాత బయల్దేరి పానగల్ దాకా, ఉదయసముద్రం కట్ట పక్క మట్టిబాట మీదుగా. పిల్లగాడు ముందు, నేను మిత్రుడి స్కూటీ మీద వెనక, బోల్టులు ఊడిపోతాయేమో అని చూస్తూ. కట్ట దిగే దగ్గర ఎర్రమట్టి, గులకరాళ్లు. వాడు బ్రేకు కొట్టకుండానే దిగాడు. సీటు కింద ఆ పాత షాక్ ఒకసారి నొక్కుకుని, నిదానంగా లేచింది.